కిబూకా ఇంటి లావుపాటి కవల

మసాకా దారిలో నర్సు నబ్బోసా సైకిలెక్కిందంటే కోళ్లు ముందే కంచె దూకేవి. ముప్పై ఏళ్లలో ఆమె చేతుల్లో పుట్టినవాళ్లను వరుసగా నిలబెడితే విక్టోరియా సరస్సు చుట్టూ సరిపోతారు. నన్ను నమ్మండి. అబద్ధమాడితే కాన్వెంటు సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టి పెంచిన మనిషిని.

ఉగాండాలో మా గండా తెగవాళ్లకు బిడ్డ వెనకాల వచ్చే మాయ ఆ బిడ్డకు కవల. దాన్ని అరటి మొదట్లో పాతిపెడతాం. ఎంత లావు కవలైతే ఇంటికి అంత గొప్పని కిబూకా మేనత్త నమతోవు పట్టుదల. కిబూకా భార్య నకయీజాకు ఆరో నెలలో షుగర్ బయటపడి, తీపి మానమని నబ్బోసా చెప్పినా, మేనత్త మాత్రం చెంబుల కొద్దీ తేనెనీళ్లు తాగించింది.

ఒక ఉదయం నబ్బోసా వచ్చి చెంబు లాక్కుంది.

"ఏంటత్తా ఇది?"

"కవలకి మేత. పంతొమ్మిది కవలల్ని పాతిన చెయ్యే ఇది! చేటంత కవలని ఎప్పుడైనా చూశావా?"

"చూశాను గనకే పరిగెత్తుకొచ్చా. తల్లి నెత్తుట్లో తీపి ఎక్కువైతే మాయలోంచి బిడ్డకి పోతుంది. బిడ్డా లావెక్కుతుంది, మాయా ఉబ్బుతుంది. లోపలి సన్నటి రక్తనాళాలు మాత్రం సరిగ్గా ఎదగవు. ఇల్లు పెద్దదే, కిటికీలుండవు. బిడ్డకి ఊపిరెట్లా అందుతుంది?"

"కిటికీలట! తలుపులు కూడా పెట్టిస్తావా?"

"నవ్వకత్తా. ఊపిరందకపోతే కవలతో పాటు బిడ్డనీ పాతాలి."

మేనత్త నవ్వు టక్కున ఆగింది. మర్నాటి నుంచి నకయీజాకు రోజూ సూదిమందు, నడక, కొలిచి పెట్టిన మతోకే, అంటే ఉడికించిన అరటికాయ ముద్ద. మిగిలిన ముద్దంతా మేనత్తే తిన్నది, త్యాగం కోసం.

తొమ్మిదో నెలలో ఒక పగలు నకయీజా పొట్ట పట్టుకుని వచ్చింది.

"అత్తా, పొద్దుట్నుంచి నాలుగే తన్నులు."

దారినపోయే మోటారుసైకిలు ముందు మేనత్త చేతులు చాచి నిలబడింది. కోడల్ని ఎక్కించి, వెనక తానెక్కేసరికి ముందు చక్రం గాల్లోకి లేచింది. ఆసుపత్రి దాకా ఒంటిచక్రం మీదే వెళ్లారు. చూసినవాణ్ణి నేనే.

డాక్టరు వెంటనే ఆపరేషను చేసింది. ఆడపిల్ల, నాలుగున్నర కిలోలు. సైకిలు మీద వెనకే చేరిన నబ్బోసా మాయను తూచింది. దాదాపు కిలో!

కిబూకా ఎగిరి గంతేశాడు. "ఇంక నన్ను కవలల తండ్రీ అని పిలవాలి అందరూ!"

"నోర్ముయ్యరా. పిల్లని చూడు" అంది నబ్బోసా.

పిల్ల మెత్తగా వేలాడుతోంది, పాలు పట్టడం లేదు. ఇన్నాళ్లూ తల్లి పంపిన తీపికి అలవాటుపడిన ఒళ్లు. బొడ్డుతాడు తెగగానే ఆ తీపి ఆగింది. మడమ గుచ్చి చూస్తే నెత్తుట్లో షుగర్ పడిపోయింది. నబ్బోసా తల్లి ముర్రుపాలు పిండి చెంచాతో చుక్క చుక్క పోసింది. మేనత్త ఊపిరి బిగబట్టింది. ఆ గది గాలంతా ఆమెలోనే ఉంది.

గంటకి మళ్లీ మడమ గుచ్చారు.

"నిలబడిందత్తా! షుగర్ నిలబడింది!"

సూది నచ్చని పిల్ల ఊరదిరేలా కేక పెట్టింది. మేనత్త నడుముకు గుడ్డ బిగించి ఆడింది. మంచాలు కదిలాయి. కసురుదామని వచ్చిన నర్సులు చప్పట్లు కొట్టారు.

"అత్తా, ఆపు! కుట్లు తెగుతాయి, నవ్వించకు!" అని నకయీజా పొట్ట పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.