దుడ్డె తోలు విల్లు

ఆ రోజుల్లో మా ఉప్పుగూడలో మగపిల్లవాడికి పదహారేళ్ళు వచ్చాయంటే రెండు జబ్బులు పట్టుకునేవి. ఒకటి, ఉందో లేదో తెలియని మీసాన్ని అద్దంలో వెతుక్కోవడం. రెండోది, ఏదో ఒక విద్యలో తనంతవాడు లేడని నమ్మడం. (మీసం సంగతి ఏడాదిలో తేలిపోతుంది. రెండోది కొందరికి చచ్చేదాకా తేలదు.) అటు జర్మనీ యుద్ధం జరుగుతుండేది, ఇటు కిరసనాయిలు దొరక్క ఇంటింటా లొల్లిగా ఉండేది. నాకు మాత్రం ఆ రెండింటి ధ్యాసా లేదు. నా ధ్యాసంతా విల్లు మీదే.

దానికి కారణం ఉంది. దసరా నాటి సాయంత్రం జమ్మికి బయలుదేరే ముందు, రైలు పట్టాల పక్క మైదానంలో ఒక గుంజకు బూడిద గుమ్మడికాయ వేలాడదీసేవారు. ఎవరి చేతులతో వాళ్ళు చేసుకున్న విల్లుతో కొట్టాలి. కొన్న విల్లు పనికిరాదు. కొట్టినవాడు డప్పుల ముందు అందరికంటే మొదట జమ్మి దాకా నడుస్తాడు. అంతకు ముందు ఏడాది నేను కూడా వెదురుబద్దతో విల్లు చేసుకుని పోయాను. ఊపిరి బిగబట్టి లాగాను. అది ఫటేలుమని రెండు ముక్కలై, పై ముక్క వచ్చి నా ముక్కు మీదే తగిలింది. మా మేనబావ అందరికీ వినపడేటట్టు "అరెరె, టుక్డా టుక్డా అయింది రో!" అన్నాడు. అంతే, నా పేరు టుక్డా అయి కూర్చుంది. పాలు పోయడానికి ఏ ఇంటికి పోయినా "టుక్డా వచ్చిండు, గిన్నె తేండ్రి" అనేవారు. కన్నతల్లి కూడా ఒకసారి పొరపాటున అట్లాగే పిలిచింది. అందుకని ఆ ఏడు విరగని విల్లు చెయ్యాలి, డప్పుల ముందు నేనే నడవాలి, ఆ పేరు గుమ్మడికాయతో పాటే పగిలిపోవాలి. ఇంతకు మించి నాకు దేవుణ్ణి అడగవలసింది ఏమీ కనిపించలేదు.

మేం పాలు పోసే ఇళ్ళలో మొఘల్‌పురాలో కమాన్ చాచా ఇల్లు ఒకటి. (కమాన్ అంటే విల్లు.) వయసులో ఉండగా ఏదో నవాబు దేవిడీలో పహరా ఇచ్చాడట, విల్లు పట్టడంలో ఆయనంతవాడు లేడట. ఆయన బాణం వెయ్యగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన చెప్పగా విననివాళ్ళు కూడా లేరు. నా గోడు విని గడ్డం దువ్వుకుంటూ, "లక్డీ అకేలీ రహీ తో టూట్‌తీచ్ మియా. పీఠ్ కో కచ్చా చమ్డా లగా" అన్నాడు. విల్లు వంచినప్పుడు బయటి వైపు కట్టె సాగుతుంది, విరుగు అక్కడే మొదలవుతుంది. అక్కడ పదును చెయ్యని పచ్చి తోలు అతికిస్తే కట్టెను పట్టి ఉంచుతుంది. తోలు నానబెట్టాలి, వెంట్రుకలన్నీ గీకెయ్యాలి, వడ్రంగులు వాడే సరేసు జిగురు మరిగించి అంటించాలి, గుడ్డపీలికలతో బిగించి కట్టి నీడలో ఆరనివ్వాలి, ఆఖరున నూనె పట్టించాలి. "పానీ లగా తో గయా కామ్!" అని, నీళ్ళు తగలనివ్వద్దని, రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తల ఊపాను.

ఇక తోలు సంగతి. మా కొట్టంలో ఉన్న బర్రెల్లో ఒకదాని పేరు జాగీర్దారమ్మ. తాను చేసే పని లేదు, చేయించుకునే పని చాలా ఉండేది కనుక బాపు ఆ పేరు పెట్టాడు. పాలు మాత్రం మిగతా వాటన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది. ఆ వానకాలం దాని దుడ్డె చనిపోయింది. (బర్రె దూడను మేం దుడ్డె అంటాం.) దుడ్డె కళ్ళ ముందు లేకపోతే బర్రె చేపదు, పాలు ఎగబట్టుకుంటుంది. అందుకని పాలవాళ్ళు చచ్చిన దుడ్డె తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి ముందు నిలబెడతారు. బర్రె దాన్ని నాకుతూ పాలిస్తుంది. మా బాపు కూడా అట్లాగే గడ్డి దుడ్డెను చేశాడు. కుట్టగా వెన్ను దగ్గర రెండు పొడుగు పట్టీలు మిగిలాయి.

"అమ్మా, గా తోలు పట్టీలు నాకిస్తవా?" అని అడిగాను.

"తీస్కపో. ముక్కు పగిలినా బుద్ధి రాలే నీకు" అంది అమ్మ. నేను వాటిని ఏ గంజులో నానబెట్టానో చూశాక, "ఇగ గా గంజుల నువ్వే తిను బిడ్డా" అని కూడా అంది.

కావడి బద్దలకు వాడే తడ కర్ర తెచ్చి చెక్కాను. పట్టీలు రెండూ చేతిపట్టు దగ్గర కలిసేటట్టు అంటించాను. చాచా చెప్పిందంతా చేశాను, ఒక్కటి తప్ప. దుడ్డె వెంట్రుకలు నల్లగా నిగనిగలాడుతూ ఉంటే గీకబుద్ధి కాలేదు. విల్లుకు ఎలుగుబంటి తోలు తొడిగినంత దర్జా వచ్చిందనుకున్నాను. వెంట్రుకలుంటే నూనె పట్టదు కనుక ఆ పనీ మానుకున్నాను. తీసుకుపోయి చూపిస్తే చాచా వేలితో ఒకసారి వెంట్రుకలు నిమిరి, "బాల్ కైకు ఛోడా రే?" అన్నాడు.

"అందానికి చాచా."

ఆయన విల్లును చూశాడు, నన్ను చూశాడు. "ఖూబ్‌సూరత్ హై. ఖుదా ఖైర్ కరే" అన్నాడు. దేవుడే కాపాడాలన్న ఆ మాటను కూడా నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఏది ఏమైనా విల్లు గట్టిగా కుదిరింది. ఎంత లాగినా కిర్రుమనలేదు. నా బాణం పక్కింటి పెంకులు దాటి పోయింది. అవతలివాళ్ళ తిట్లు కూడా ఆ రోజు మంగళవాద్యాల్లాగే వినిపించాయి.

దసరా రానే వచ్చింది. తెల్లవారి లేచి చూస్తే గడ్డి దుడ్డె లేదు. కుక్కలు ఈడ్చుకుపోయాయి. రైలు గేటు దాకా గడ్డి పరుచుకుని ఉంది. బాపు జాగీర్దారమ్మ కింద కూర్చుని పొదుగు నిమిరాడు, పత్తిగింజలు పెట్టాడు, "నా తల్లివి గదనే" అని బతిమాలాడు. చుక్క రాలలేదు. పండుగ పాయసాలకు పాలు పోస్తానని వాడకంతా మాట ఇచ్చి ఉన్నాడు. గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు.

నేను తలంటు పోసుకుని, విల్లు భుజాన వేసుకుని, కొట్టం చూరులో దాచిన బాణాల కోసం వచ్చాను. జాగీర్దారమ్మ తల ఎత్తింది. దుడ్డె పోయినప్పటి నుంచి వినని గొంతుతో సన్నగా మూలిగింది. పలుపు బిగిసేదాకా ముందుకు వచ్చి నా విల్లును నాకడం మొదలుపెట్టింది.

"చేపిందిరా! పాలొస్తున్నయ్! కదలకు!" అని కింద నుంచి బాపు అరిచాడు.

"బాపూ, తడుస్తది! పొద్దుమీకి పందెం ఉన్నది!"

"పందెం లేదు గిందెం లేదు. నిలబడు!"

నేను నిలబడలేదు. చాచా మాటలు చెవిలో మోగుతుంటే వెనక్కి జరిగాను. పాలధార ఆగిపోయింది. జాగీర్దారమ్మ నా మీద కోపం చూపలేదు, కొమ్ము విసరలేదు. విల్లు వైపే చూస్తూ మళ్ళీ అట్లాగే మూలిగింది. అది నాకు విల్లు, దానికి బిడ్డ. బాపు తిట్టడానికి నోరు తెరిచేలోపల నేనే ముందుకు పోయి విల్లు దాని మూతికి అందించాను. అది కళ్ళు మూసుకుని, పై కొస నుంచి కింది కొస దాకా ఒక్క వెంట్రుక వదలకుండా నాకింది. బిందె నిండింది. వాడలో అందరూ పాయసం వండుకున్నారు. మా ఇంటి పాయసం నాకు సహించలేదు.

విల్లును మధ్యాహ్నమంతా ఎండకు పెట్టాను. జిగురు మెత్తబడి తోలు అక్కడక్కడా పొంగింది. అమ్మ తన పాత చీర అంచు చింపి ఇచ్చింది, గట్టిగా చుట్టాను. ఏమైతే అయిందని మైదానానికి పోయాను. కమాన్ చాచా కూడా మొఘల్‌పురా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. "టుక్డా, ముక్కు పైలం!" అని మా మేనబావ అరిచాడు. బాణం ఎక్కించాను, గుమ్మడికాయ మీద చూపు నిలిపాను, చెవి దాకా లాగాను.

సరిగ్గా అప్పుడే మేతకు పోయిన బర్రెలు పట్టాల వెంట తిరిగి వస్తున్నాయి. జనంలో కలకలం రేగింది. ఒకరి కాళ్ళ మీద ఒకరు పడ్డారు. నా మోచెయ్యి పక్కకు నల్లటి మూతి ఒకటి వచ్చి, లాగిన విల్లును లాగినట్టే నాకసాగింది. మైదానమంతా పడీ పడీ నవ్వింది. నేను లాగిన నారిని వదలలేను, జాగీర్దారమ్మను నెట్టలేను. తడిసిన తోలు జారింది, కట్టె ఫటేలుమంది, బాణం దాని గిట్టల ముందు పడింది. గుమ్మడికాయ చెక్కు చెదరలేదు.

కాని విల్లు ముక్కలు కాలేదు. పై పట్టీ అంతా ఊడి వచ్చినా, చేతిపట్టుకు కింద కట్టె విరిగిన చోట కింది పట్టీ రెండు చెక్కలనూ పట్టుకునే ఉంది. చాచా లేచి నిలబడి, తానే గెలిచినంత సంబరంగా, "దేఖా! చమ్డా నై ఛోడా!" అని ఊడని తోలు వైపు చేయి ఊపాడు. మా బావ "టుక్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎంతైనా న్యాయం తెలిసినవాడు. వేలాడుతున్న విల్లును చూశాడు, నా చెవి, మెడ, తలంటు పోసుకున్న జుట్టు వరుసగా నాకుతున్న జాగీర్దారమ్మను చూశాడు. "వీడు టుక్డా కాదు రో, దుడ్డె!" అన్నాడు.

పాత పేరు పోవాలని నేను మొక్కిన మొక్కు ఆ విధంగా చెల్లింది. జాగీర్దారమ్మ నన్ను వదలకపోవడంతో దాన్ని ఇంటికి నేనే తోలుకుపోవలసి వచ్చింది. డప్పులవాళ్ళలో ఇద్దరు తమాషాకు మా గుమ్మం దాకా కొట్టుకుంటూ వచ్చారు. డప్పుల ముందు మొదట నడిచింది నేనే. జమ్మి మాత్రం రెండో దిక్కున ఉంది.

జాగీర్దారమ్మ వట్టిపోయేదాకా, పొద్దునా సాయంత్రం, ఆ విరిగిన విల్లు పట్టుకుని దాని ముందు నిలబడటం నా పని అయింది. నేను చేసిన ఆయుధాల్లో ఒకరి కడుపు నింపింది అదొక్కటే. మా బావ బతికినన్నాళ్ళూ నన్ను దుడ్డె అనే పిలిచాడు, చివరికి నా అల్లుళ్ళ ముందు కూడా. అప్పుడు ఒళ్ళు మండేది. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేకపోయారు. మొన్న ఉప్పుగూడ గేటు దగ్గర నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో పశువుల్ని అదిలిస్తూ "హే దుడ్డె! ఎటు పోతున్నవ్, ఇంటికి నడువ్!" అని అరిచారు. నెత్తి ముగ్గుబుట్టయిన నేను చప్పున వెనక్కి తిరిగి, "ఆఁ, వస్తున్న బావా" అన్నాను.