కుడిపక్క మనిషి

రామదాసుకు అరవై ఎనిమిదేళ్లు. అందులో నలభై ఎనిమిదేళ్లు గుర్రాల మధ్యే గడిచిపోయాయి. తెల్లారుజామున లేచి లద్దె ఎత్తడం, ఒళ్లు రుద్దడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి గోకి తీయడం, పందెం రోజున కళ్లెం పట్టుకుని జనం ముందు తిప్పడం. ఈ పని చేసేవాణ్ణి సైసు అంటారు. తాత విశాఖ నుంచి మలయా రబ్బరుతోటకు కూలికి వచ్చి, అక్కడి దొర గుర్రానికి మేత వేస్తూ నేర్చుకున్న పని అది. తాత తరవాత తండ్రి, తండ్రి తరవాత ఇతను. సింగపూర్‌లో క్రాంజి రేసుకోర్సు మూతపడిన రోజున తోటి సైసులంతా ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. రామదాసు మాత్రం నిక్షేపంలా ఇంటికొచ్చి, స్నానం చేసి పడుకున్నాడు. మూడు రోజులు మంచం దిగలేదనుకోండి, అది వేరే సంగతి.

గుర్రానికి ఎడమపక్కే నడవాలని ఏ సైసునడిగినా చెబుతాడు. కళ్లెం పట్టేదీ, జీను బిగించేదీ, జాకీని ఎక్కించేదీ అంతా ఎడమవైపు నుంచే. కానీ రామదాసు తండ్రి ఇంకో మాట కూడా అనేవాడు. కుడిపక్కకు పోవద్దురా, అది మనది కాదు, అటు నడిచేవాడు వేరే ఉన్నాడు, అని. గుర్రం చిందులు తొక్కుతుంటే చెరోపక్కా ఇద్దరు పట్టుకోవడం అన్ని చోట్లా ఉన్నదే. తండ్రి చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఆ చాదస్తం చూసి పంతొమ్మిదేళ్ల రామదాసు వెనకాల నవ్వుకునేవాడు. ఆ ఏడే ఒక మధ్యాహ్నం, తండ్రి తిప్పుతున్న గోధుమరంగు గుర్రం పొట్ట కింద నుంచి అవతల రెండు పాదాలు కనిపించాయి. చెప్పుల్లేని పాదాలు. ఎవడో సాయం పట్టాడనుకున్నాడు. మూడో మలుపులో ఆ గుర్రం కాలు విరిగింది. మళ్లీ నవ్వితే ఒట్టు.

క్రాంజిలో ఉన్నన్నాళ్లూ మరో మూడుసార్లు కనిపించాయి ఆ పాదాలు. మొహం ఎప్పుడూ చూడలేదు, గుర్రం మెడ అడ్డం ఉంటుంది. చూడాలని అనుకోలేదు కూడా.

ఇప్పుడు ఆదివారాలు యీషున్‌లో తన బ్లాకు కింద కాఫీ హోటల్లో కూర్చుంటాడు. ఎదురుగా చక్రధర్. కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు, ఏదో బ్యాంకులో లెక్కలు కట్టే కంప్యూటర్ పని, ఎనిమిదో అంతస్తులో అద్దెకుంటాడు. ఇద్దరి మధ్యా అతని ట్యాబ్లెట్. అందులో ఆస్ట్రేలియా నుంచి కంచెలు దూకే పందేలు వస్తాయి. పందెం మాత్రం ఇద్దరూ కాయరు. ఎవరి అంచనా నెగ్గుతుందన్నదే పంతం. "దానికోసం ఆదివారం పూటా ఆ ఉక్కలో కూర్చోవాలా?" అని ఇంట్లో భార్య వరలక్ష్మమ్మ గొణుగుతుంది, ఇడ్లీలు చల్లారిపోతుంటే గొణగదూ మరి!

చక్రధర్ ప్రతి గుర్రానికీ మోసే బరువు, ఇదివరకు ఎన్నిసార్లు పడింది, నేల తడి, జాకీ అనుభవం అన్నీ కలిపి నూటికి ఇన్ని మార్కులని వేస్తాడు. రామదాసు దగ్గర ఓ చిన్న నోటుబుక్కు, పెన్సిలు. గుర్రాలను తిప్పేటప్పుడు చూస్తాడు. వెనక గిట్ట ముందుగిట్ట గుర్తును దాటి పడుతోందా, చెవులు ఎటున్నాయి, తొడల మధ్య చెమట నురగ కట్టిందా. తరవాత నంబరు పక్కన రెండిట్లో ఒక మాట రాస్తాడు. వస్తుంది. రాదు. అంతే.

"గెలిచేదెవలో చెప్పున్రి అంకుల్, గిదేం లెక్క?" అంటాడు చక్రధర్.

"గెలవడం ఏటిరా, కంచెలు దూకే గుర్రం ముందు తిరిగి రావాల" అంటాడు రామదాసు.

ఈ సీజనులో రెండుసార్లు "ఈ గుర్రానికి ఇద్దరు మనుసులున్నారు, రాదు" అన్నాడు. చక్రధర్ తెరను పెద్దది చేసి చూశాడు. ఒక్కడే ఉన్నాడు. ముసలాయన చూపు ఆనలేదనుకున్నాడు. రెండూ కంచె దగ్గర పడ్డాయి, రెండూ లేవలేదు. ఆ తరవాత కుర్రాడు తన పట్టికలో "రెండో మనిషి" అని కొత్త గడి ఒకటి చేర్చేశాడు. వాడికి భయం లేదు, అన్నీ అంకెలే వాడికి.

ఆ ఆదివారం నాలుగో పందెంలో ఏడు గుర్రాలు. ఐదో నంబరు పేరు చూడగానే రామదాసు కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. కోపీ-ఓ ప్రిన్స్. పాలు లేని కాఫీ రంగని దాని చైనా యజమాని పెట్టిన పేరది. రామదాసుకు మాత్రం నల్లోడు. రెండేళ్ల పిల్లగా వచ్చినప్పటి నుంచి ఆరేళ్లు సాకాడు. కడుపునొప్పితో అది దొర్లుతుంటే తెల్లార్లూ నడిపించాడు. క్రాంజి మూసేశాక దాన్ని విమానంలో ఎక్కించి పంపేశారు. వెంట అనిల్‌కుమార్ వెళ్లాడు. వాడికి పని నేర్పిందీ, కుడిపక్క సంగతి చెప్పిందీ రామదాసే.

"మన గుర్రమా అంకుల్? నా లెక్కల డెబ్బై ఒకటి వచ్చింది, మస్తున్నది" అన్నాడు చక్రధర్.

తెర మీద గుర్రాలు తిరగడం మొదలైంది. అక్కడ సన్నగా వాన. మూడో నంబరు తెల్లగుర్రం, ఆడది. యాభై ఏళ్లు దాటిన ఓ లావుపాటి ఆవిడ జడ వెనక్కి వేసుకుని దాన్ని నడిపిస్తూ చెవిలో ఏదో చెబుతోంది. ఇంటి పెరట్లో పెంచుకున్న గుర్రమట, సాకేదీ, శిక్షణ ఇచ్చేదీ ఆవిడేనని వ్యాఖ్యాత చెబుతున్నాడు. అడుగు చక్కగా పడుతోంది. రామదాసు దాని పక్కన "వస్తుంది" అని రాశాడు.

ఆ వెనక నల్లోడు వచ్చాడు. నిగనిగలాడుతున్నాడు. ఎడమపక్క అనిల్‌కుమార్, పసుపురంగు వానకోటు. రామదాసుకు కళ్లు చెమర్చాయి. తుడుచుకుని మళ్లీ చూశాడు. నల్లోడి పొట్ట కింద, నాలుగు కాళ్లకూ అవతల, రెండు పాదాలు నడుస్తున్నాయి. అంత బురదలోనూ వాటికి చుక్క మట్టి అంటలేదు.

"అలామాక్!" అన్నాడు రామదాసు. నోట మలాయీ మాటే వచ్చింది, అయ్యో దేవుడా అన్నట్టు.

"ఏమైంది అంకుల్?"

రామదాసు అప్పటికే ఫోను తీశాడు. అవతల రింగవుతోంది.

"బాబాయ్! చూస్తున్నావా? మనోడెట్లా ఉన్నాడు?" అనిల్‌కుమార్ గొంతు. తెర మీద అనిల్‌కుమార్ ఇంకా జేబు కూడా తడుముకోలేదు. అక్కడి బొమ్మ ఇక్కడికి చేరడానికి అర నిమిషం పడుతుందని చక్రధర్ ఎప్పుడో చెప్పాడు. తాను చూస్తున్నదంతా అప్పటికే జరిగిపోయిందన్న సంగతి రామదాసు గుండెల్లో గుచ్చుకుంది.

"అనిలూ, డాక్టర్ని పిలు. ముందుకాలు కాలిపోతోందని సెప్పు."

"కాలు బాగుంది బాబాయ్. ఇప్పుడేగా తడిమి చూశాను."

"బాగున్నా బాగోలేదని సెప్పరా!"

"అబద్ధం చెప్పమంటావా? పట్టుకుంటే పని పోతుంది." అంతలోనే అనిల్‌కుమార్ గొంతు బాగా తగ్గించాడు. "కుడిపక్కా, బాబాయ్?"

రామదాసు ఊఁ అన్నాడు.

"ఇందాకటి నుంచీ కళ్లేన్ని ఎవరో అటు లాగుతున్నారు. నేను అటు చూడట్లేదు" అని ఫోను పెట్టేశాడు.

రామదాసూ చక్రధరూ తెర మీదికి వంగారు. తెర మీద అనిల్‌కుమార్ చెయ్యెత్తాడు. ఎరుపు కోటు డాక్టరు వచ్చి వంగి నల్లోడి కాలు పట్టి చూశాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్లీ చూశాడు. అనిల్‌కుమార్ చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరు సరేలే అన్నట్టు చెయ్యి విసిరాడు. ఐదో నంబరు పందెంలో లేదని తెర కింద అక్షరాలు పడ్డాయి. రామదాసుకు ఆనందం ఆగలేదు, చక్రధర్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "బతికాడ్రా నా నల్లోడు!"

అనిల్‌కుమార్ నల్లోణ్ణి బయటికి మళ్లించాడు. రామదాసు చప్పున కళ్లు మూసుకున్నాడు. గుర్రం పక్కకు తప్పుకుంటే ఇన్నాళ్లూ దాని చాటున నడిచినవాడు నిలువునా కనిపిస్తాడు. ఆ మొహం చూసే ధైర్యం లేదతనికి. గుడ్లు నొప్పిపుట్టేదాకా అలాగే మూసుకుని, మనసులో ఇరవై లెక్కపెట్టి తెరిచాడు.

ఆరు గుర్రాలు తిరుగుతున్నాయి. నల్లోడు వెళ్లిపోయాడు. జడ ఆవిడ తెల్లగుర్రం మెడ నిమురుతూ కెమెరా ముందు నుంచి నడిచింది. దాని పొట్ట కింద, అవతలివైపు, ఆ రెండు పాదాలు.

"ఆవిడ నంబరు!" అని అరిచాడు రామదాసు. "ఆవిడ ఫోన్ నంబరు సూడరా, తొందరగా!"

"ఎవల నంబరు? గామెదా? నాకెట్ల దొరుకుతది అంకుల్? పేరు గూడ తెల్వదు." చక్రధర్ బిత్తరపోయి చూస్తున్నాడు. పక్క బల్ల వాళ్లు తలలు తిప్పారు. రామదాసు అనిల్‌కుమార్‌కు ఒకటికి నాలుగుసార్లు ఫోను చేశాడు. గుర్రపుశాల సందడిలో ఉన్నాడో ఏమో, వాడు ఎత్తలేదు. ఈలోగా జాకీలు ఎక్కేశారు. తెల్లగుర్రం చెవులు నిక్కబొడుచుకుని మైదానంలోకి వెళ్లింది.

పన్నెండు కంచెల్లో పది అందరికన్నా అందంగా దూకింది. పదకొండో దాని దగ్గర ముందుకాళ్లు లేవలేదు. జాకీ దొర్లి లేచాడు. గుర్రం లేవలేదు. మనుషులు పచ్చటి గుడ్డ తెరలు తెచ్చి దాని చుట్టూ నిలబెట్టారు, ఇక లేవని గుర్రాన్ని చంపేటప్పుడు జనానికి కనపడకుండా పెట్టే తెరలవి. దూరాన వానలో ఆ లావుపాటి ఆవిడ పడుతూ లేస్తూ పరుగెత్తుకొస్తోంది, జడ ఊడిపోయింది.

చక్రధర్ నోటుబుక్కులోకి తొంగి చూశాడు. "మూడో నంబరు వస్తదని రాసిన్రు గదా అంకుల్. పస్టు టైం తప్పింది మీ అంచనా."

"తప్పలేదు" అన్నాడు రామదాసు. ఇంకేదో అనబోతుంటే ఫోను మోగింది.

"బాబాయ్! మనోడు దిలాసాగా గడ్డి తింటున్నాడు. డాక్టరు రెండు తిట్లు తిట్టి వదిలేశాడు, నాకేం కాలేదు!" అనిల్‌కుమార్ నవ్వుతున్నాడు. వాడి నవ్వు వెనక నుంచి ఒక ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. గుర్రాన్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది.

"అనిలూ, ఫోను ఆవిడకియ్యి."

"ఎవరికి? ఈ తెల్లగుర్రం ఆవిడకా? నీకేం పని బాబాయ్ ఆవిడతో?"

"వాడు దాని కుడిపక్కకు పోయాడ్రా" అన్నాడు రామదాసు. అవతల అనిల్‌కుమార్ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"బాబాయ్" అన్నాడు అనిల్‌కుమార్, "వాడు ఉత్త చేతులతో వెళ్లలేదా?"

"లేదురా" అన్నాడు రామదాసు. "నల్లోణ్ణి తప్పించి, వాడికి నానే సూపించాను దాన్ని."