పేరు లేని గ్రాఫు

ధర్మవరంలో ఆదెన్న నేసిన పట్టుచీరకు వంక పెట్టే మొనగాడు లేడు. నలభై ఏడేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు గుంత మగ్గంలో కాళ్లాడించినవాడు. కడుపులో మాత్రం ఒక సినిమా దాచుకుని తిరిగాడు. దాచుకున్నవాడు దాచుకున్నట్టే ఉన్నా బాగుండేది.

ఆ సినిమా వాళ్ల నాయన వెంకటరాముడిది. వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేసిన కాలంలో చీరలు అడిగే దిక్కులేక షావుకారు పట్టు ఇవ్వడం మానేశాడు. మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో పొయ్యి వెలగడం లేదని వీధికంతా తెలిసిపోతుంది. అందుకని వెంకటరాముడు రోజూ తెల్లారగానే గుంతలోకి దిగి, పోగు లేని మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను ఉత్తగానే విసిరేవాడు. టకటకా, పొద్దుగూకేదాకా. ఒక్కనాడూ కంట తడి పెట్టలేదు. ఆ మనిషిని తెర మీద చూడాలి, ‘కథ: ఆదెన్న’ అని పడాలి. అంతే కొడుకు ఆశ.

రెండేళ్ల కిందట గుత్తి శశికుమార్ వచ్చాడు. హైదరాబాదులో ఒక దర్శకుడి దగ్గర పనిచేసేవాడు. మగ్గాలు చూస్తానని పది రోజులు ఆదెన్న ఇంట్లోనే తిన్నాడు. కథ విని, మాటలు తర్వాత చూసుకుందాం, ముందు ట్రీట్‌మెంట్ రాయమన్నాడు. ఏది ముందు, ఏది వెనక, ఎక్కడెక్కడ చూసేవాడి కంటికి ఏం కనబడుతుంది, అంతా ఇరవై పేజీల్లో చెప్పాలట. నిర్మాత చదివేది దాన్నేనట. ఎన్ని చోట్ల తీయాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఎంతమంది కావాలి, కథ ఎక్కడ తెగుతోంది, అన్నీ అందులోనే తేలిపోతాయట.

ఆదెన్నకు చప్పున వెలిగింది. ఇది గ్రాఫే కదా! చీర నేయకముందే గళ్ల కాగితం మీద అంచూ పువ్వూ గీసి, జరీ ఎంత పడుతుందో తేల్చుకునే కాగితం. నలభై రోజులు కూర్చుని రాశాడు. నాయన మగ్గంలోకి దిగే చోట ‘ఇక్కడ ఏడవడు’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

పేరు రాయవా అని భార్య త్రివేణి అడిగింది.

“గ్రాఫు మీద ఎవురన్నా పేరు రాసుకుంటారా?” అని నవ్వాడు.

నిజమే, ధర్మవరంలో రాయరు. అంచు వంపు చూసి ఎవరి చెయ్యో చెప్పేస్తారు. లోకమంతా ధర్మవరమే అనుకున్నాడు పిచ్చి మారాజు! ఉన్న ఒక్క ప్రతినీ, దానికోసం మళ్లీ వచ్చిన శశికుమార్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత వాడు ఫోను ఎత్తితే ఒట్టు.

మొన్న ఎండాకాలం బుక్కరాయసముద్రంలో మగ్గాల సినిమా తీస్తున్నారని తెలిసి ఆదెన్న బస్సెక్కాడు. అద్దె ఇంట్లో మగ్గం, గోడకు బ్యానరు. ‘కథ, దర్శకత్వం: శశికుమార్’. సొమ్మొకడిది, సోకొకడిది.

శశికుమార్ మొహం తిప్పుకోనైనా లేదు. టైపు చేయించిన కాగితాలు తెప్పించి ఇచ్చాడు.

“దీంట్లో నీ పేరు యాడుండాదో చూపియ్యన్నా.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆదెన్న ఇరవై పేజీలూ తిప్పాడు. పేరు లేదు. గీతలు కొట్టిన మాటా లేదు. ఆ చోట ‘తండ్రి వెక్కి వెక్కి ఏడుస్తాడు’ అని ఉంది. సినిమా అంతా కొడుకు ప్రేమ గోలట, తండ్రికి మిగిలింది ఆ ఒక్క సీనేనట. ఆ వేషానికి తెచ్చిన మనిషికేమో నాడె విసరడం చేతకావడం లేదు. ఆదెన్ననే కూర్చోమన్నారు.

మొహాన ఉమ్మేసి వచ్చేయాల్సింది. రాలేదు. నాయన వేషాన్ని ఇంకెవడో తప్పుగా వేస్తాడని భయపడి పంచె కట్టుకుని గుంతలోకి దిగాడు.

“మా నాయన ఏడ్వలేదప్పా,” అన్నాడు కిందనుంచి.

“అది నీ కథలోన్నా. ఈడ ఏడ్వాల,” అన్నాడు శశికుమార్.

ఆదెన్న నాడె విసిరాడు. చిన్నప్పుడు విన్న అదే ఉత్త మగ్గం చప్పుడు. కళ్లు ఆగలేదు. పోయిన కాగితాల కోసం, తన బుద్ధితక్కువతనం కోసం అందరి ముందూ భోరుమన్నాడు. ఒక్క టేకులో ఓకే అయింది. చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక, పేరు సంగతి ఏమైందని త్రివేణి అడిగింది.

“పేరు పోతే పోయెలే. మూడేండ్లు మా నాయన కాపాడుకున్న పరువు, నేను ఒక్క దినంలో తీసేసినా.”