రెండు చేపల గుర్తు

2004 జూలైలో నాకు ఎల్.ఎఫ్.ఎల్. ప్రధానోపాధ్యాయుడిగా పదోన్నతి వచ్చింది. ఆడవాళ్ళలో చదువు బాగా తక్కువగా ఉన్న ప్రాంతాల్లోని ప్రాథమిక పాఠశాలలకు మంజూరైన పోస్టు అది. హోదా పెరుగుతుంది గాని పాఠాలు చెప్పడం తప్పదు. అంతకు ముందు చాలా ఏళ్ళు నాగర్‌కర్నూల్ వైపు బడుల్లో పనిచేసిన నన్ను గట్టు మండలంలోని ఒక ఊరికి వేశారు. గద్వాలలో గది అద్దెకు తీసుకుని రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాడిని.

ఐదో తరగతిలో ఆడపిల్లలు నలుగురే. వాళ్ళలో మహేశ్వరి చురుకైనది. ఆమెను గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్షకు పంపాలని నేను పట్టుబట్టాను. ఆమె తండ్రి తిమ్మప్ప మెట్ట రైతు. ఒప్పుకున్నాడు గాని మనస్ఫూర్తిగా కాదు.

మా ఇంటి గురించి కూడా ఇక్కడ కొంచెం చెప్పాలి. మాది ఆత్మకూరు వైపు ఒకప్పటి పెద్ద ఇల్లు. తాతగారికి ఊళ్ళుండేవి, తుపాకులుండేవి. నా వంతు వచ్చేసరికి ఇంటి రాళ్ళు కూడా అమ్ముడుపోయాయి. నాకు దక్కింది ఆయన చేతికర్ర ఒక్కటే. దాని ఇత్తడి పొన్ను మీద మా ఇంటి గుర్తు ఉంటుంది: ఎదురెదురుగా రెండు చేపలు. హాలు గోడలకు వరసగా జింక కొమ్ములుండేవని, వాటిని పనివాళ్ళు ఎత్తుకుపోయారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ మాటను నేనెప్పుడూ అనుమానించలేదు.

ఆ ఏడాది డిసెంబరులో మండల స్థాయిలో బోధనాభ్యసన సామగ్రి మేళా పెట్టారు. ఉపాధ్యాయులు పాఠాల కోసం తయారు చేసిన వస్తువులను బల్లల మీద ప్రదర్శిస్తే, అధికారులు చూసి మంచివాటిని పై స్థాయికి పంపుతారు. మొదట నిజ వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే మాట అని మాకు శిక్షణల్లో నూరిపోసేవారు. నేను రాష్ట్ర చిహ్నాలు, ప్రాంతాలు అనే పాఠం తీసుకున్నాను. అప్పటికింకా ఉమ్మడి రాష్ట్రం. చెక్క పలక మీద రాష్ట్ర పటం గీసి కోస్తాకు వరి పొట్టు, రాయలసీమకు కంకర, తెలంగాణకు ఎర్రమట్టి అంటించాం. రాష్ట్ర వృక్షం వేపకు కొమ్మ దొరికింది. కలువను చెంబు నీళ్ళలో పెట్టాం. పూర్ణకుంభాన్ని, పాలపిట్టను మట్టితో చేశాం. రాష్ట్ర జంతువు కృష్ణజింక దగ్గర ఆగిపోయాం.

అప్పుడు మహేశ్వరి లేచింది. “సార్, మా ఇంట్ల నిజం కొమ్ములే ఉన్నయి. తేవాల్నా?”

తెమ్మన్నాను. మొదటి బహుమతి తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

మేళా రోజు పొద్దున ఆమె పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. విప్పి చూస్తే మెలితిరిగిన జత కొమ్ములు. మొదళ్ళను కలిపి పట్టిన ఇత్తడి బిళ్ళ మీద రెండు చేపలు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి దొంగసొత్తు నా విద్యార్థి ఇంట్లో ఉందనుకున్నాను. మా గుర్తు నలుగురి కంటా పడకుండా బిళ్ళను గోడవైపు తిప్పి కొమ్ములను బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని అక్కడి నుంచి తీసి పటంలో కృష్ణకు, తుంగభద్రకు నడుమ నిలబెట్టింది, బిళ్ళ గోడవైపే ఉండగా. “ఇవి మన తావుల్నే తిరుగుతయి కద సార్” అంది. నిజమే.

మండల అధికారులతో పాటు అటవీ శాఖ ఉద్యోగి ఒకరు అతిథిగా వచ్చారు. కొమ్ముల దగ్గర ఆగి, ఎక్కడివని మహేశ్వరిని అడిగారు. పిల్ల గర్వంగా చెప్పింది: “మా ఇంటియే సార్. పల్లి చేన్లకు మందలకు మందలొస్తయి. మా నాయన ఒక్కదాన్ని గూడ నిలవనియ్యడు.”

తరిమేస్తాడని ఆమె భావం. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కృష్ణజింకను వేటాడితే జైలే. కొమ్ములు ఇంట్లో ఉంచుకోవాలన్నా ధ్రువపత్రం ఉండాలి. ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాసి కొమ్ములు తీసుకున్నారు. మంగళవారం తిమ్మప్ప గద్వాల ఆఫీసుకు రావాలన్నారు. కొమ్ములు తీసేదాకా బిళ్ళ గోడవైపే ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ చెప్పలేదు.

ఆదివారం గదిలో కూర్చోలేకపోయాను. పరీక్ష పేపర్లు తీసి, దిద్దకుండానే కట్టేశాను. బస్టాండు దాకా నడిచి ఏ బస్సూ ఎక్కకుండా వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. దొంగసొత్తు దొరికింది, శిక్ష వాళ్ళది అని సర్దిచెప్పుకుంటున్నా కాలు నిలవలేదు.

సోమవారం మహేశ్వరి బడికి రాలేదు. మధ్యాహ్నం తిమ్మప్ప వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“ఇగ పిల్ల రాదు సారూ. నువ్వు తెమ్మంటివి, అది తెచ్చె. రేపు నన్ను లోపలేస్తే చేనికాడ కావలి ఎవరుంటరు? అదే ఉండాలె.”

కొమ్ములు ఎవరివని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

“ఎవరియేంది? మీ తాతవే. వేటల మా నాయన జింకల్ని తోలుతుంటే గుండు మోకాలుకు తగిలె. చచ్చేదాక కుంటిండు. దవాఖానల ఉన్నప్పుడు దొరనే తెచ్చి చేతుల పెట్టిండు. నీకు తెల్వదా?”

“ఆఫీసు నుంచి కబురు తెచ్చినవాళ్ళకే నా పేరు చెప్పొచ్చు కదా?”

“నౌకరి మనిషివి. నీకేమన్న అయితదని ఊకున్న.”

ఆ మాట విన్నాక బడిలో ఉండలేక ఒక పూట సెలవు పెట్టి వనపర్తి బస్సెక్కాను. జూరాల మీదుగా బస్సు పోతున్నంత సేపూ ఒకే ప్రశ్న: ఇన్నేళ్ళూ మా ఇంట్లో విన్నది అబద్ధమా? మా పెద్దనాయన అప్పుడు వనపర్తిలో అద్దె ఇంట్లో ఉండేవారు. ఎనభై దాటినా కుర్చీలో నిటారుగానే కూర్చునేవారు. తిమ్మప్ప చెప్పిందంతా చెప్పాను.

“గుండు తగిలింది నిజమే. కొమ్ములిచ్చింది నిజమే. వాళ్ళను దొంగలన్నది మనం” అన్నారు. అప్పు తీర్చలేక మిగతా కొమ్ములను చాటుగా అమ్ముకున్నది కూడా ఆయనే చెప్పారు. అదంతా కాగితం మీద రాసి ఆఫీసులో ఇస్తానని నేనంటే మాత్రం ఆయన గొంతు లేచింది. “ఇల్లు పాయె, భూమి పాయె. పేరొక్కటి మిగిలింది. దాన్ని గూడ నీ చేత్తోనే ఆఫీసుల పారేసొస్తవా?”

లేచి వచ్చేశాను.

ప్రభుత్వోద్యోగి ఇంకో శాఖకు వాంగ్మూలం ఇచ్చే ముందు పై అధికారికి చెప్పడం పద్ధతి. మంగళవారం పొద్దున మండల విద్యాధికారిని కలిశాను. “మీకెందుకు సార్ ఈ పరేషాన్? తెల్వదంటే అయిపాయె” అన్నారాయన. చెప్పవలసింది చెప్పానని నమస్కారం పెట్టి గద్వాల వెళ్ళాను.

ఆఫీసు వరండాలో తిమ్మప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా చేతికర్ర చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం.

లోపల మొత్తం రాశాను: తాతగారి పేరు, వేట, గుండు, మోకాలు, దవాఖాన. పనివాళ్ళు దొంగిలించారన్న మాట మా ఇంట్లో పుట్టిందేనని, అది అబద్ధమని కూడా రాశాను. అధికారి కర్ర పొన్నును, కొమ్ముల బిళ్ళను పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశారు. చేపలు కలిశాయి. వన్యప్రాణుల చట్టం నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వచ్చింది. తాతగారు అంతకు చాలా ముందే పోయారు. అందుచేత వేట కేసు పెట్టలేదు. ధ్రువపత్రం లేదు కనుక కొమ్ములు ప్రభుత్వానికి జమ అయ్యాయి. తిమ్మప్ప వేలిముద్ర తీసుకుని పంపేశారు.

నా వాంగ్మూలం మీద సంతకాలు పెట్టింది కూడా ఆ పంచనామా సాక్షులే; వాళ్ళు ఊరివాళ్ళే కాబట్టి సంగతి వారంలోపే ఆత్మకూరు దాకా పాకింది. పెద్దనాయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. మేళాలో అలాంటి వస్తువు ఎందుకు పెట్టావని మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. ఆ మంగళవారం ఆఫీసు బయటికి వచ్చాక తిమ్మప్ప ఒక్క మాటే అన్నాడు: “రేపు పిల్లను తోలిస్త.” తోలాడు. ప్రవేశ పరీక్షకు కూడా అతనే వెంట తీసుకెళ్ళాడు. ఆమెకు సీటు వచ్చింది.

తర్వాత నాలుగేళ్ళకు రిటైరయ్యాను. అప్పటిదాకా ఆ పాఠం ఏటా చెప్పాను. నిజ వస్తువు తెమ్మనే ముందు, అది ఆ పిల్లల ఇంటికి ఎలా చేరిందో ఉపాధ్యాయుడు కనుక్కోవాలి. కనుక్కోలేకపోతే బొమ్మ గీస్తే చాలు. తెప్పించి బల్ల మీద పెడితే మాత్రం, గుర్తున్న వైపు చూసేవాళ్ళకు కనబడేలా పెట్టాలి.