గుర్రం ఎగరొచ్చు, శెనక్కాయ మొలవకూడదు

నేను చేసేది పెనుకొండ వైపు ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని. చేతికొచ్చిన ప్రతి ముక్కనూ డ్రాయింగుతో పోల్చి చూస్తాను. డ్రాయింగులో ఉన్నట్టు ఉంటే పాస్, లేకపోతే లోపం. లోపానికొక వరస నంబరు, పక్కన దాని తీవ్రత: పెద్దది, ఓ మాదిరి, చిన్నది. కొన్నేళ్ళుగా ఇదే పని కావడంతో సినిమాలు కూడా అలాగే చూడడం అలవాటైంది. నాతో కలిసి సినిమా చూడడానికి ఇంట్లో ఎవరూ ఇష్టపడరు.

అలాంటి నన్ను పిలిచి మరీ తప్పులు వెతకమన్నవాడు నా పాలిటెక్నిక్ స్నేహితుడు. వాడు చిన్న బడ్జెట్లో ఒక సినిమా తీశాడు. హాస్టల్లో మేము వంతులేసుకుని చదివిన ఒక బొమ్మల కథల పుస్తకం దానికి ఆధారం. నాలుగు వందల ఏళ్ళ కిందటి పాళెగాడు, ఒక గుట్ట మీద నుంచి ఇంకో గుట్ట మీదికి ఎగిరే గుర్రం, దూస్తే మబ్బులు కమ్ముకొచ్చే కత్తి. గుర్రం సంగతి ఎలా ఉన్నా, మా జిల్లా పిల్లలందరికీ ఆ కత్తి కావాలని ఉండేది.

సినిమా ట్రైలర్ వచ్చిన రోజే వాడికి కష్టాలు మొదలయ్యాయి. పాళెగాడు రొమ్ము విరుచుకుని నిలబడిన చోట, భుజం వెనక గాలిమర రెక్క ఒకటి తిరుగుతూ కనబడింది. మా గుట్టల మీద ఇప్పుడు గాలిమర లేని దిక్కు వెతకాలంటే కష్టమే. జనం ఆ మాట వినిపించుకోలేదు. వారం రోజులు ఫోన్లలో వాడిని ఆడుకున్నారు.

"ఒక్కటి గూడా వదలొద్దురా. వాళ్ళకంటే ముందు నువ్వే నన్ను తిట్టు," అని సినిమా మొత్తం నాకు పంపించాడు.

రెండు ఆదివారాలు కూర్చుని ముప్పై ఒక్క లోపాలు తేల్చాను. కొన్ని చెబుతాను. పాళెగాడి వంటింట్లో టమోటాలు: పెద్దది. కోట చుట్టూ, అప్పటికి ఈ దేశానికే రాని సర్కారు తుమ్మ: పెద్దదే గాని, ఆ ముళ్ళకంపను తీసేయాలంటే గుట్టనే తీసేయాలి. రాణి రవికెకు పిన్నీసు: చిన్నది. పాళెగాడి జబ్బ మీద టీకా మచ్చ: ఓ మాదిరి. పద్నాలుగో నంబరు, చేనులో ఆరుగురు ఆడవాళ్ళు వేరుశనగ పీకి మన్ను దులుపుతున్నారు: పెద్దది. ఆ కాలంలో ఈ నేల మీద వేరుశనగ పంట లేదు.

ఎగిరే గుర్రాన్ని మాత్రం రాయలేదు. అది పుస్తకంలో ఉంది. బొమ్మల కథను సినిమాగా తీస్తే ఆ పుస్తకమే డ్రాయింగు. డ్రాయింగులో రెక్కలుంటే రెక్కలు లోపం కావు.

స్నేహితుడు జాబితా చదివి ఫోన్ చేశాడు. "మచ్చ ఉండాదని హీరో చెయ్యి తీసేయమంటావా?"

"నేను రాసేది లోపం వరకే. ఏం చేయాలో నీ ఇష్టం."

"టమోటాలకు పచ్చరంగు కొట్టిస్తా, ఏందో కాయలనుకుంటారు. ఆ చేను ముక్క తీసి పారేస్తా. నాలుగు సెకన్లు, హీరో గూడా లేడు. సులువుగా పోయేది అదొక్కటే."

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ ఆరుగురిలో మా అవ్వ ఉంది. షూటింగు కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్ళోనే జరిగింది. పద్నాలుగో నంబరు రాసేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. మన మనిషని వదిలేస్తే అది తనిఖీ కాదనుకున్నాను. అలా అనుకున్నందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ వారం ఊరికి పోతే, అవ్వ అప్పటికే ఆరుగురికీ షేర్ ఆటో మాట్లాడేసి ఉంది. సినిమా హాలు మెట్లెక్కి ఆమెకు ముప్పై ఏళ్ళు దాటింది. ఊళ్ళో ఎవరు పలకరించినా, "శుక్రవారం మేము ఉండం, మా సినిమా ఉండాది" అని చెబుతోంది. నేను ఇంకా చెప్పులైనా విడవకముందే, ఏ చీర కట్టుకోవాలో చెప్పమంది. ఇక దాచి లాభం లేదు.

"అవ్వా, మీ సీను తీసేస్తాండారు."

"ఎవురు?"

"డైరెక్టరు. తప్పని నేనే రాసిచ్చినా."

అవ్వ కందులు చెరగడం ఆపలేదు. "మేమేం తప్పు చేసినామప్పా?"

"ఆ కాలంలో శెనక్కాయ పంట లేదు. మీరు శెనక్కాయ పీకినారు."

"గుర్రం ఎగిరే కాలంలో శెనక్కాయ లేదంటావు."

"గుర్రం పుస్తకంలో ఉండాది అవ్వా. పుస్తకంలో ఉంటే తప్పు గాదు."

"పుస్తకంలో మేము ఏం చేస్తాండాము?"

ఆ పేజీ ఫోనులో ఉంటే తీసి చూపించాను. చేను, వంగిన వీపులు, దూరంగా గుర్రం. చేతుల్లో ఏముందో బొమ్మలో తెలియదు.

"అది కొర్ర చేను అనుకో. కొర్రయితే కొడవలితో కోయాల. పీకరు," అన్నాను.

చేట కింద పెట్టింది. "కొర్ర కోసేది నాకు నువ్వు చెప్తావా? ఆడ కొర్రా లేదు, శెనక్కాయా లేదు. యాడిదో గడ్డి తెచ్చి నాటినారు. చేనులో దిగి పని చేయండమ్మా అనె ఆ పిల్లోడు. చేనంతా గడ్డి ఉంటే ఎవురైనా ఏం చేస్తారు? కలుపు తీసినాం."

"మరి మన్నెందుకు దులిపినారు?"

"దులపకుండా పారేస్తే, ఒక్క చినుకు పడినా మళ్ళా నాటుకుంటాది. ఇది గూడా తెలీకుండా ఏం చదివినావురా నువ్వు."

నేను మళ్ళీ ఆ నాలుగు సెకన్లు చూశాను. మొక్కలకు కాయలు లేవు. ముందు కూడా లేవు. నేను చూడలేదు, అంతే. ఎవరైనా వంగి, మొక్క పీకి, మణికట్టుకు కొట్టి మన్ను దులిపితే, అనంతపురం జిల్లాలో పుట్టినవాడి కంటికి వేరుశనగ తప్ప ఇంకేమీ కనబడదు. కలుపు మాత్రం నాలుగు వందల ఏళ్ళ కిందటా తీసే ఉంటారు. మంచి ముక్కను తప్పని తిప్పి పంపడం మా పనిలో పెద్ద సిగ్గు. ఆ సిగ్గుతోనే ఫోన్ చేశాను.

"పద్నాలుగు కొట్టెయ్యిరా. వాళ్ళు తీసింది కలుపు."

"నీకే శెనక్కాయ మాదిరి కనబడింది. ఇంక జనానికి?"

"తప్పు కాదు కదా."

"కాకపోతే ఏం, తప్పు మాదిరి కనబడితే సాలు. ఆ గాలిమరతో నేను పడింది నీకు తెలుసు."

వాడి మాటలో నిజముంది. అదే నాకు నచ్చలేదు. చరిత్ర ప్రకారం ఉందా లేదా అని సినిమాను నిలదీసేవాళ్ళలో ఎక్కువ మందిమి చరిత్రతో పోల్చం, మన కంటికి అలవాటైనదానితో పోలుస్తాం. పిన్నీసును తప్పు పట్టినవాడికి ఆ రాణి ఏ రవికె వేసుకునేదో తెలుసా అంటే తెలియదు. నాకూ తెలియదు. బొమ్మల కథ మీద తీసిన సినిమాను ముందు ఆ బొమ్మలతోనే చూడాలని ఇప్పటికీ అంటాను. చరిత్రను పక్కన పెట్టమనను. పుస్తకం ఏమీ చెప్పని చోట అది కావాలి. అయితే అలాంటి చోట ఆ పని చేసినవాళ్ళను ఒక మాట అడగాలి. నేను అడగకుండానే "పెద్దది" అని రాసేశాను.

ఇదంతా ఫోనులో చెబితే వాడు పెట్టేసేవాడు. "ఆ చేనులోనుంచి ఒక గొంతు వినబడితే? గడ్డి అనే మాట పడితే ఎవరికీ అనుమానం రాదు," అన్నాను.

"రేపు సాయంత్రానికి సౌండు పని అయిపోతాది. గొంతు ఎవురిది తెస్తావు?"

అవ్వ ఎదురుగానే కూర్చుని ఉంది.

వాడు మాట రాసి పంపాడు: "ఈ యేడు కలుపు మెండుగా ఉన్నది చెల్లెలా." అవ్వ రెండుసార్లు చదివించుకుని, "ఎవురు మాట్లాడతారు ఇట్ల?" అని తోసిపుచ్చింది. ప్రతిధ్వని రాకూడదని గోనెసంచులున్న గదిలో కూర్చోబెట్టి ఫోను ముందు పెట్టాను. మొదటిసారి కోడి అడ్డొచ్చింది. రెండోసారి దగ్గు. మూడోసారి ఎవరూ రాసివ్వని మాట అంది: "పాళెగాడు పోతాండాడు, ఎవురూ తలకాయ ఎత్తొద్దండి. బిరీన గడ్డి పీకండి."

అదే పంపాను. స్నేహితుడి నుంచి గంట తరువాత ఒక్క ముక్క వచ్చింది: "ఉంచినా."

శుక్రవారం పొద్దుటి ఆటకు ఆరుగురూ ఒకే వరసలో కూర్చున్నారు. చివర్లో నేను. పాళెగాడి గుర్రం లోయ దాటి ఎగిరినప్పుడు వాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. తరువాత చేను వచ్చింది. అవ్వ గొంతు హాలంతా వినబడింది. వెనక ఎవరో ఈల వేశారు. ఆరు వీపులు వంగి ఉన్నాయి, మన్ను దులిపారు, పాళెగాడు పోయాడు, అయిపోయింది.

అవ్వ నా వైపు తిరిగింది. "నా మొగం యాడరా?"

నేను నోరు తెరిచేలోగా పక్కనున్న చిన్నవ్వ అందుకుంది. "తలకాయ ఎత్తొద్దని నువ్వే అంటివి గదక్కా. మేము ఎత్తలేదు."

"అది నేను మొన్న అంటి. పోయిన యేడు మీకెట్ల వినపడె?"

ఇంటర్వెల్ అంతా ఏ వీపు ఎవరిది అన్న దాని మీదే పోయింది. ముందున్న వీపు తమదేనని ముగ్గురు పట్టుబట్టారు. అవ్వ ఆ ముగ్గురిలో ఒకతె. ఆట విడిచాక ఎవరూ ఆటో వైపు నడవలేదు. మళ్ళీ చూస్తేగాని తేలదన్నారు. మ్యాట్నీకి ఏడు టికెట్లు తీసుకున్నాను. ఈసారి దగ్గర నుంచి చూడాలని ముందు వరసలోవే అడిగింది అవ్వ.