నీలం తిరిగిన సీసాలు

ఉత్తరాదిన బాగ్‌బేరాలో మా క్వార్టర్ల వెనక ఒక నాలా, అంటే చిన్న వాగు, ఉండేది. అది పోయి ఖర్కాయి నదిలో కలిసేది. డెబ్భైల చివర్లో ఒక ఎండాకాలం దాని నిండా పచ్చటి నాచు కమ్మేసింది. కంపు భరించలేక కాలనీ పెద్దలు కూర్చుని, ఇదంతా చాకిరేవు వల్లేనని తేల్చేశారు. రేవు ఖాళీ చేయించాలన్నారు.

ఆ రేవులో మా బట్టలుతికే ఆమె మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినావిడే. వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "ఎక్కడికెల్తామమ్మా? ఈ రేవు పోతే మా పొయ్యి ఎలగదు."

నాకు ఒళ్ళు మండింది. అప్పుడు నేను కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని. నీళ్ళు పరీక్ష చేసి చెప్తాను, అంతవరకూ ఆగండని కాలనీ పెద్దాయనతో అన్నాను. "సరేనమ్మా, ఆదివారం దాకా ఆగుతాం. నీ రిపోర్టు ఏటొత్తే అదే ఫైసలా" అన్నారాయన.

నాచును అలా పెంచేది ఫాస్ఫేటు. పొలాల ఎరువులో ఉండేదే. దాన్ని కొలిచే మిషను మా కాలేజీలో లేదు. కానీ ల్యాబులో ఉన్న రెండు మందులు కలిపితే, ఫాస్ఫేటున్న నీళ్ళు నీలం తిరుగుతాయి. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. వెనక తెల్లకాగితం పెట్టి కళ్ళతో పోల్చుకోవడమే, ఖర్చు లేని పని. ఇంట్లో ఖాళీ ఆస్పత్రి మందు సీసాలు బోలెడున్నాయి. ఒకదాంట్లో రేవు దిగువ నీళ్ళు పట్టి మందు కలిపాను.

సిరాలా అయిపోయింది. ఆమెకు ఏ మొహంతో చెప్పను? పోల్చి చూద్దామని ఇంకో సీసాలో కుళాయి నీళ్ళు పోశాను. అవీ సిరాలాగే అయ్యాయి! మేం రోజూ తాగే నీళ్ళు! సీసాల మీద అనుమానమొచ్చి మా అమ్మను పిలిచాను.

"అమ్మా, ఈ సీసాలు దేంతో కడిగేవు?"

"ఆస్పత్రి సీసాలు కాదేటే? అంటు! బట్టల పౌడరేసి తోమకుండా ఇంట్లోకి ఎలా రానిత్తాను?"

ఆ పౌడర్లో ఉండేది ఫాస్ఫేటే. మా అమ్మ మడి దెబ్బకి ఒక కుటుంబం రోడ్డున పడబోయింది. కోప్పడదామనుకున్నాను గానీ నవ్వొచ్చేసింది.

పౌడరు తగలని కొత్త సీసాలు తెచ్చి, నాలా నీళ్ళతోనే కడిగి మళ్ళీ పట్టాను. రేవుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి. రెండూ ఒకే నీలం. కుళాయి నీళ్ళలో రంగే లేదు. ఇంకాస్త ఎగువకెళ్ళి, మా ఇళ్ళ మురుగుకాలవ కలిసేచోటు దాటి పట్టాను. అక్కడ రంగు ఉందా లేదా అన్నట్టుంది.

ఆదివారం పెద్దలు సీసాలను తిప్పి తిప్పి చూశారు.

"అంటే మన కాలవేనా?" అన్నారు పెద్దాయన.

"మనదేనండీ. మన ఇళ్ళల్లో బట్టల పౌడరు నీళ్ళన్నీ అందులోకే పోతాయి. రేవులో వాడేది సోడా, సబ్బు. దాంతో ఈ రంగు రాదు."

ఆయన గొంతు సవరించుకుని, రేవు జోలికి వెళ్ళొద్దని అందరికీ వినబడేలా చెప్పారు. గేటు దగ్గర నిలబడ్డ ఆమెకు నేనే వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

"అయితే మాసిన బట్టలెయ్యండమ్మా. పొద్దెక్కిపోతంది."