మెడలో పసుపుకొమ్ము

తల కోయకుండానే లోపలి గడ్డను చూపే ఎమ్మారై పరీక్ష వచ్చిందని, నా తలనొప్పి చూసి నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు సుజాత. తీరా ఆసుపత్రికి వెళ్తే, ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. పుస్తెలు తీస్తే ఆయనకు కీడని భయపడి, పరీక్ష మానేసి శంషాబాద్‌లో బస్సెక్కాను.

ఎందుకేడుస్తున్నావని అడిగిన పక్క సీటులోని మంఖాల్ ఊరామె, సంగతి విని మండిపడింది.

"ఏంది చెల్లె, నీ మొగని పానం గింత బంగారంల ఉన్నదా? నా బిడ్డ యాదమ్మను గూడ దాని అత్త గిట్లనే దవాఖాన నుంచి వాపస్ తోల్కొచ్చింది. పుస్తెలతోనే మట్టిల పెట్టినం!"

తన సంచిలోని పసుపుకొమ్మును, కొంగులోంచి లాగిన దారంతో నా మెడలో కట్టింది.

"మెడ బోసిపోలే. ఇగ దిగు, దవాఖానకు పో!"

దిగాను. పుస్తెలు తీసి పరీక్ష చేయించుకున్నాను. గడ్డ దొరికింది, ఆపరేషన్ చేసి తీసేశారు. దేవుడి దయవల్ల బతికాను. ఆ అత్త మీద కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. దీపం పెట్టేటప్పుడు మీరూ యాదమ్మను తలుచుకోండి.